ఉత్తరంలోని రెండు వరుసలు: దేశం మారితే వైకల్య భత్యం, సంరక్షకుల భత్యం ఏమవుతాయి

బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌ను అక్కడి తెలుగువాళ్లు కూడా పొట్టిగా పిప్ అనే అంటారు. అది మంజూరైనప్పుడు ఇంటికి వచ్చే ఉత్తరంలో డబ్బు ఒకే అంకెగా ఉండదు. డైలీ లివింగ్ కింద ఇంత, మొబిలిటీ కింద ఇంత అని రెండు వరుసలుంటాయి. 2025-26 రేట్ల ప్రకారం రెండూ ఎక్కువ స్థాయిలో మంజూరైన మనిషికి మొదటి వరుసలో వారానికి 110.40 పౌండ్లు, రెండో వరుసలో 77.05 పౌండ్లు కనిపిస్తాయి. నాలుగు వారాలకొకసారి బ్యాంకు ఖాతాలో రెండూ కలిసి ఒకే మొత్తంగా పడతాయి కాబట్టి, ఉత్తరం ఫైలులోకి వెళ్లాక ఆ వరుసల సంగతి ఎవరికీ గుర్తుండదు. దేశం వదిలి వేరేచోట స్థిరపడాలని అనుకున్న రోజున మొదట చేయవలసిన పని ఆ ఉత్తరాన్ని బయటికి తీసి ముందు పెట్టుకోవడం. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు భత్యాలు, వాటి తలరాతలూ వేరు.

దరఖాస్తు పత్రంలో వంట చేసుకోవడం, తినడం, మందులు వేసుకోవడం, స్నానం, మరుగుదొడ్డి, బట్టలు కట్టుకోవడం వంటి పది పనుల గురించి అడిగిన ప్రశ్నలకు వచ్చే పాయింట్లు డైలీ లివింగ్ వరుసకు చేరతాయి. దారి తెలుసుకుని బయటికి వెళ్లి రావడం, నడవడం అనే రెండు పనుల పాయింట్లు మొబిలిటీకి చేరతాయి. ఏ వరుసలోనైనా 8 పాయింట్లు వస్తే తక్కువ స్థాయి, 12 వస్తే ఎక్కువ స్థాయి మంజూరవుతుంది. ఇరవై మీటర్లకు మించి నడవలేని మనిషికి మొబిలిటీలో ఆ పన్నెండూ వస్తాయి. ఇరవై మీటర్లంటే ఇంటి గుమ్మం నుంచి వీధిలో ఆపిన కారు దాకా ఉండే దూరం. స్పెయిన్ వెళ్లినా, విశాఖపట్నం వచ్చినా ఆ మనిషి నడవగలిగేది అంతే. అయినా ఇప్పుడు విదేశంలో స్థిరపడేవారికి ఆ రెండో వరుస ఏ దేశంలోనూ రాదు. ఆ భత్యానికి బదులుగా కారు అద్దెకిచ్చే మోటబిలిటీ పథకం కింద కారు తీసుకున్నవారు ఆ కారును కూడా తిరిగి ఇచ్చేయాలి. మొదటి వరుస సంగతి అంత సూటిగా తేలేది కాదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఒక దేశం ఇచ్చే సాయం ఇంకో దేశానికి వెంట వస్తుందా లేదా అన్నది ఆ సాయానికి చట్టం ఏ పేరు పెట్టిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఐరోపా సమాఖ్య సామాజిక భద్రతా నిబంధనల్లో జబ్బు చేసినవారికి ఇచ్చే నగదు సాయం ఒక తరగతి. అది సరిహద్దు దాటగలదు. ఉద్యోగులు జీతం నుంచి కట్టే చందాతో సంబంధం లేకుండా, ఆ దేశపు జీవన పరిస్థితులకు ముడిపడి, పన్నుల సొమ్ముతో ఇచ్చే ప్రత్యేక నగదు భత్యం ఇంకో తరగతి. అది సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. వైకల్య భత్యాలు ఈ రెండింటిలో ఏ గూటికి చెందుతాయన్న తగువు యూరోపియన్ కోర్టులో దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. 1992లో నిబంధనలు మార్చినప్పుడు బ్రిటన్ తన వైకల్య, సంరక్షక భత్యాలను రెండో గూటిలో పెట్టించుకుంది. 1997లో కోర్టు కూడా దాన్ని సమర్థించింది. మరుసటి ఏడాదే, 1998 మార్చి 5న, జర్మనీ సంరక్షణ బీమా కింద ఇచ్చే నగదు జబ్బు సాయం తరగతిలోకే వస్తుందని, లబ్ధిదారు ఇంకో సభ్యదేశంలో నివసిస్తున్నాడన్న కారణంతో దాన్ని ఆపకూడదని అదే కోర్టు తీర్పు చెప్పింది. మంచం దిగలేని మనిషికి రోజూ చేసే సేవ జబ్బుకు చేసే సేవ లాంటిదేనన్న ఆలోచన అక్కడ స్థిరపడింది.

ఆ ఆలోచన బ్రిటన్ భత్యాల దాకా రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 2007 అక్టోబర్ 18న వచ్చిన తీర్పు పింఛను వయసు దాటినవారికి ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్‌ను, పిప్‌కు ముందున్న డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్‌లోని సంరక్షణ భాగాన్ని, సంరక్షకులకు ఇచ్చే కేరర్స్ అలవెన్స్‌ను జబ్బు సాయం తరగతిలోకి మార్చింది. స్వీడన్, ఫిన్లాండ్‌ల భత్యాలు కొన్ని కూడా అదే తీర్పుతో మారాయి. మొబిలిటీ భాగాన్ని మాత్రం కోర్టు అప్పుడే వేరు చేసి చూసింది, 2011 మే 5న వచ్చిన మరో తీర్పు అది సరిహద్దు దాటనవసరం లేదని తేల్చేసింది. 2013 ఏప్రిల్‌లో పిప్ వచ్చినప్పుడు ఆ పాత గీత అలాగే కొత్త భత్యంలోకి దిగింది. సంరక్షణ భాగానికి వారసత్వంగా డైలీ లివింగ్, మొబిలిటీకి మొబిలిటీ. ఉత్తరంలో ఆ రెండు వరుసల మధ్య కనిపించే ఖాళీ జాగా వెనక ఇంత చరిత్ర ఉంది.

అటెండెన్స్ అలవెన్స్‌లో మొబిలిటీ భాగమే లేదు కాబట్టి, అర్హత ఉన్నచోట అది మొత్తంగా వెంట వస్తుంది. పిప్ తీసుకునేవారికి మాత్రం ఎంత అర్హత ఉన్నా ఒక ముక్క వెనకే ఉండిపోతుంది.

ఇంతవరకు చెప్పినది ఐరోపా నిబంధనలు బ్రిటన్‌కు వర్తించిన కాలం సంగతి. బ్రిటన్ సమాఖ్య నుంచి బయటికి వచ్చాక పాత నిబంధనలే నడిచిన పరివర్తన కాలం 2020 డిసెంబర్ 31తో ముగిసింది. ఆ తేదీకి ముందే ఐరోపా సమాఖ్య దేశంలో స్థిరపడి, అక్కడి నివాసాన్ని తెంచుకోకుండా కొనసాగుతున్నవారి హక్కులను నిష్క్రమణ ఒప్పందం కాపాడింది; నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్, స్విట్జర్లాండ్‌లతో కుదిరిన విడి ఒప్పందాలు కూడా అదే తేదీని పట్టుకున్నాయి. 2021 జనవరి 1 నుంచి వెళ్లినవారికి బ్రిటన్‌కూ సమాఖ్యకూ మధ్య కుదిరిన వాణిజ్య సహకార ఒప్పందంలోని సామాజిక భద్రతా ప్రోటోకాల్ వర్తిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ ప్రోటోకాల్ పింఛన్లను, జబ్బు సాయాన్ని కాపాడుతుందని విని తమ భత్యాలు కూడా అందులో ఉంటాయనుకుంటారు. దాని అనుబంధంలో దీర్ఘకాల సంరక్షణ భత్యాలంటూ ఒక మినహాయింపు జాబితా ఉంది. పిప్, డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్, అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్ పేర్లు అందులో ఉన్నాయి. జాబితాలో ఉన్నవాటికి ప్రోటోకాల్ వర్తించదు. 2007లో కోర్టు ఒక గూటి నుంచి ఇంకో గూటికి మార్చిన భత్యాలను 2020లో బ్రిటన్, ఐరోపా సమాఖ్య కలిసి గూళ్ల బయట పెట్టాయి. ఐర్లండ్‌ది వేరే దారి. బ్రిటన్‌కూ దానికీ మధ్య ఉమ్మడి ప్రయాణ ప్రాంతపు ఏర్పాటు, విడి సామాజిక భద్రతా ఒప్పందం ఉన్నాయి కాబట్టి అక్కడికి వెళ్లేవారు వాటినే చూసుకోవాలి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే ఈ తేదీ బరువు అర్థమవుతుంది. భర్తకు పిప్ రెండు వరుసలూ ఎక్కువ స్థాయిలో వస్తున్నాయి, భార్య ఆయనను చూసుకుంటూ కేరర్స్ అలవెన్స్ కింద వారానికి 83.30 పౌండ్లు తీసుకుంటోంది. 2025-26 రేట్లలోనే లెక్క వేస్తే ఇంటికి వారానికి మొత్తం 270.75 పౌండ్లు. వాళ్లు 2019లో స్పెయిన్ వెళ్లి, మిగతా షరతులన్నీ కుదిరి ఉంటే 193.70 పౌండ్లు మిగిలేవి. అదే ఇల్లు, అదే జబ్బు, అదే సేవతో 2023లో వెళ్లి ఉంటే ఆ భత్యాల కింద ఏమీ మిగలదు. నాకు ఇందులో న్యాయం కనిపించదు. నివాసానికి ముడిపడిన సాయం నివాసంతో పాటే ఆగాలన్న ప్రభుత్వాల వాదన నాకు అర్థమవుతుంది. ఆ వాదనకు ఒక క్యాలెండర్ తేదీ మాత్రమే సరిహద్దు కావడం అర్థం కాదు.

2020 లోపు వెళ్లినవారికైనా హక్కు దానంతటది రాదు. జబ్బు సాయానికి బాధ్యత వహించవలసిన దేశం బ్రిటనే అయి ఉండాలన్నది అసలు షరతు. ఒక మనిషి బాధ్యత ఒక సమయంలో ఒకే దేశానిదన్నది ఐరోపా నిబంధనల మూలసూత్రం. బ్రిటన్ స్టేట్ పెన్షన్ గానీ, జబ్బు వల్ల పనిచేయలేనివారికి ఇచ్చే చందా ఆధారిత ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్ గానీ తీసుకుంటున్నవారికి, బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా కడుతున్నవారికి, వారిమీద ఆధారపడిన కుటుంబసభ్యులకు బాధ్యత సాధారణంగా బ్రిటన్‌దే అవుతుంది. పిప్ ఒక్కటే ఉన్నంత మాత్రాన అది చాలదు. పింఛను మీద వెళ్లినవారికి వైద్యఖర్చుల కోసం బ్రిటన్ ఇచ్చే ఎస్1 పత్రం చేతిలో ఉంటే బాధ్యత ఎవరిదో చూపించడానికి అది మంచి ఆధారం. బ్రిటన్‌తో నిజమైన, చాలినంత సంబంధం ఉన్నదని కూడా చూపించాలి. అక్కడ పనిచేసిన ఏళ్లు, ఉన్న ఏళ్లు, వస్తున్న పింఛను వంటివాటిని బట్టి దాన్ని తూకం వేస్తారు.

ఈ బాధ్యత మధ్యలో చేతులు మారగలదు. స్పెయిన్‌లో ఉంటున్న మనిషి అక్కడ చిన్న ఉద్యోగంలో చేరితే, బాధ్యత స్పెయిన్‌కు పోతుంది. ఒకప్పుడు అక్కడ పనిచేసిన నాలుగేళ్ల లెక్కతో ఆ దేశపు పింఛను కొద్దిగా మొదలైనా, నివసించే దేశమే పింఛను ఇస్తోంది కాబట్టి బాధ్యత దానిదే అవుతుంది. నెలకు వచ్చే కొద్దిపాటి పింఛను కోసం వారానికి 110 పౌండ్ల భత్యం ఆగిపోయే పరిస్థితి ఇలా వస్తుంది. కాబట్టి కొత్త పనికి, కొత్త పింఛనుకు సంతకం పెట్టేముందే దాని ప్రభావం అడిగి తెలుసుకోవాలి. మరోపక్క, 2018లో బ్రిటన్ పింఛనుతో స్పెయిన్ వెళ్లిన వ్యక్తికి 2024లో పక్షవాతం వస్తే, ఆ దేశంలో ఉంటూనే అటెండెన్స్ అలవెన్స్‌కు కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. హక్కు ఉండి కూడా అడగనివారు ఇక్కడే ఎక్కువ ఉంటారని నా అనుమానం, దేశం వదిలాక కొత్తగా అడగడానికి వీల్లేదనే చాలామంది నమ్మకం.

సంరక్షకుల భత్యానికి రెండు తాళాలు. వారానికి 35 గంటలు సేవ చేయాలన్నది, పనిచేస్తే ఖర్చులు పోను వారపు సంపాదన ఒక పరిమితి (2025-26లో 196 పౌండ్లు) దాటకూడదన్నది అందరికీ తెలిసిన షరతులే. దేశం దాటేటప్పుడు చూడవలసినవి వేరు. ఎవరికి సేవ చేస్తున్నారో ఆ మనిషి భత్యం ముందు నిలబడాలి. అది ఆగిన రోజే సంరక్షకుల భత్యమూ ఆగుతుంది. ఆ తాళం తెరుచుకున్నా, సేవ చేసే మనిషి విషయంలో కూడా బాధ్యత బ్రిటన్‌దేనని విడిగా తేలాలి. భర్త బ్రిటన్ పింఛనుదారై, భార్య స్పెయిన్‌లో వారానికి పది గంటలు పనిచేస్తోందనుకుందాం. భర్త భత్యం నిలిచినా భార్య బాధ్యత స్పెయిన్‌ది కావడం వల్ల ఆమె భత్యం పోతుంది. డబ్బుతో పాటు పోయేది ఇంకొకటుంది. కేరర్స్ అలవెన్స్ వచ్చే ప్రతి వారానికి సంరక్షకుల ఖాతాలో నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్ ఒకటి పడుతుంది, రేపటి పింఛనుకు అదే పునాది. భత్యం ఆగితే ఆ జమ కూడా ఆగుతుంది, ఉద్యోగం మానేసి ఇంట్లో మనిషిని చూసుకున్నవారి వృద్ధాప్యంలో ఆ లోటు తెలుస్తుంది. 1976లో మొదలైన ఈ భత్యాన్ని, ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్న లెక్కతో, పెళ్లయిన ఆడవాళ్లకు పదేళ్ల పాటు ఇవ్వనేలేదు. 1986లో యూరోపియన్ కోర్టు తీర్పు వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. ఇంట్లో చేసే సేవను పనిగా ఒప్పించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లవలసి వచ్చింది.

ఇప్పుడు తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరి ప్రశ్న. బ్రిటన్ నుంచి హైదరాబాదుకో, విజయవాడకో తిరిగి వచ్చి స్థిరపడితే ఏమవుతుంది? పిప్ రెండు వరుసలూ, అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్ అన్నీ ఆగిపోతాయి. వీటిని వెంట తెచ్చుకునే ఒప్పందం భారతదేశానికీ బ్రిటన్‌కూ మధ్య లేదు. 2025లో వాణిజ్య ఒప్పందంతో పాటు కుదిరిన ద్వంద్వ చందాల ఒడంబడిక గురించి విని కొందరు ఆశపడ్డారు. అది కంపెనీలు తాత్కాలికంగా పంపిన ఉద్యోగులు రెండు దేశాల్లో కాక ఒక్క దేశంలోనే చందా కట్టేలా చేసే ఏర్పాటు, భత్యాల జోలికి అది పోదు.

స్థిరపడటానికి కాక చూసిపోవడానికి వచ్చేవారికి మాత్రం గడువులున్నాయి, వాటిని వివరంగా తెలుసుకోవడం అవసరం. తాత్కాలికంగా బ్రిటన్ దాటినవారికి 13 వారాల దాకా పిప్ రెండు వరుసలూ వస్తాయి. సంక్రాంతికి వచ్చి ఉగాది చేసుకుని వెళ్లే ప్రయాణం ఇందులో హాయిగా ఇమిడిపోతుంది; వైశాఖంలో మేనకోడలి పెళ్లి కూడా చూసి వెళ్దామనుకుంటే దాటిపోతుంది. దీనికి ముందు ఇంకో షరతుంది. బయల్దేరే రోజుకు ఆ ప్రయాణం 52 వారాలు మించేది కాకూడదు. ఇల్లు అమ్మేసి, తిరుగు టికెట్ లేకుండా, పిల్లవాణ్ని హైదరాబాదులో బడిలో చేర్చడానికి బయల్దేరినవారి ప్రయాణం మొదటి రోజు నుంచే తాత్కాలికం కాదు. వాళ్లకు ఆ 13 వారాలు కూడా రావు. ముందు వెళ్లిపోదాం, మూడు నెలలు ఎలాగూ వస్తుంది అని లెక్కవేసుకున్న కుటుంబాలు ఆ తర్వాత డబ్బు తిరిగి కట్టవలసి వచ్చేది ఇందుకే.

వైద్యం కోసం వచ్చేవారికి గడువు 26 వారాలు. ఇక్కడ గమనించవలసిన మాట ఒకటుంది: ఏ జబ్బుకు వైద్యం చేయించుకుంటున్నారో అది బ్రిటన్ వదలకముందే మొదలై ఉండాలి, ప్రయాణం కూడా ఆ వైద్యం కోసమే అయి ఉండాలి. ఎప్పటినుంచో ఉన్న మోకాలి జబ్బుకు హైదరాబాదు ఆసుపత్రిలో శస్త్రచికిత్స, ఆ తర్వాత ఫిజియోథెరపీ చేయించుకోవడానికి వస్తే గడువు 26 వారాలే. చుట్టపుచూపుగా వచ్చి, మామగారింటి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆరు నెలలు మంచం మీద ఉన్నా గడువు 13 వారాలే, ఎందుకంటే ఆ దెబ్బ బ్రిటన్‌లో తగిలింది కాదు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉత్తరం, డాక్టరు రాసిన చికిత్స ప్రణాళిక ప్రయాణానికి ముందు తేదీతో చేతిలో ఉండటం ఎంత అవసరమో దీన్ని బట్టి తెలుస్తుంది.

సంరక్షకుల గడువు ఇంకా తక్కువ. ఒంటరిగా ప్రయాణిస్తే ప్రతి 26 వారాల్లో 4 వారాలు. సేవ అందుకునే మనిషితో కలిసి, ఆ సేవ కోసమే వెళ్తే మాత్రం ఆ మనిషి భత్యం నిలిచినంతకాలం వీరిదీ నిలుస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ కూడా తీసుకుంటున్న ఇళ్లలో దాని మామూలు గడువు ఒక్క నెలే. ఒకే ఇంట్లో, ఒకే విమానంలో వచ్చిన ఇద్దరికి భత్యాలు వేర్వేరు రోజుల్లో ఆగిపోవడం ఇలా సాధ్యమవుతుంది. నాలుగు వారాలు మించే ప్రయాణాన్ని పని, పింఛన్ల శాఖకు ముందే చెప్పడం నియమం; చెప్పకపోతే అదనంగా వచ్చిన డబ్బు వెనక్కి కట్టడంతో పాటు 50 పౌండ్ల జరిమానా కూడా పడవచ్చు.

వెళ్లడం కన్నా తిరిగి రావడంలో పెద్ద దెబ్బ దాగి ఉంది. దీన్ని వివరించేవాళ్లు తక్కువ కాబట్టి లెక్క చేసి చూపిస్తాను. ఇంగ్లాండులో, వేల్సులో పెద్దవారు కొత్తగా పిప్ గానీ, అటెండెన్స్ అలవెన్స్ గానీ అడగాలంటే గడచిన 156 వారాల్లో 104 వారాలు దేశంలో ఉండి ఉండాలి. 2013కు ముందు 52 వారాల్లో 26 ఉంటే చాలేది. ఎప్పటినుంచో బ్రిటన్‌లో ఉంటున్న మనిషి ఒక ఏడాది, అంటే 52 వారాలు, భారతదేశంలో ఉండి తిరిగి వెళ్లాడనుకుందాం. గడచిన మూడేళ్లలో 104 వారాలు బ్రిటన్‌లోనే ఉన్నాడు కాబట్టి దిగిన రోజే దరఖాస్తు పెట్టవచ్చు. అదే మనిషి 60 వారాలు ఉండి వెళ్తే? దిగిన రోజుకు లెక్కలో 96 వారాలే ఉంటాయి. ఇంకో ఎనిమిది వారాలు ఆగితే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. ముందుకు ఒక వారం చేరినప్పుడల్లా వెనక నుంచి ఒక పాత వారం లెక్కలోంచి జారిపోతుంది. భారతదేశంలో గడిపిన 60 వారాలు మూడేళ్ల కిటికీ అంచు దాటడం మొదలయ్యేదాకా ఆ 96 పెరగదు. చివరికి 104కు చేరేసరికి తిరిగి వచ్చి పూర్తిగా రెండేళ్లు గడిచిపోతాయి. ఏడాదిలోపు తిరిగివస్తే నిరీక్షణ లేదు, ఏడాది దాటి కొద్ది వారాలైనా రెండేళ్ల నిరీక్షణ. మధ్యలో బ్రిటన్ వెళ్లివచ్చిన రోజులు, తాత్కాలిక గడువులో బయట గడిపిన రోజులు లెక్కను కొంత సడలిస్తాయి గానీ ఆ మెట్టు మాత్రం అక్కడే ఉంటుంది. స్కాట్లండులో పిప్ స్థానంలో వచ్చిన అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్‌కు 52 వారాల్లో 26 చాలు కాబట్టి అక్కడ నిరీక్షణ రెండేళ్లు కాక, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలే. ఏడాదికి మించి బతకడం కష్టమని వైద్యులు చెప్పినవారికి ఈ షరతు ఎక్కడా లేదు.

వయసు మళ్లినవారికి ఇంకో ప్రమాదముంది. పింఛను వయసు దాటాక కొత్తగా పిప్ ఇవ్వరు, అటెండెన్స్ అలవెన్స్ మాత్రమే ఇస్తారు. అందులో మొబిలిటీ భాగం లేదని ముందే చెప్పాను. పాత పిప్ ఆగి ఏడాది దాటకపోతే దాన్నే మళ్లీ అడిగే వీలుంది. అరవై ఎనిమిదేళ్ల తల్లి మనవల దగ్గర రెండేళ్లు ఉందామని గుంటూరు వచ్చి, అలవాటు కుదరక తిరిగి వెళ్లిందంటే, 2025-26 రేటులో వారానికి 77.05 పౌండ్ల చొప్పున ఏడాదికి నాలుగు వేల పౌండ్లు ఆమెకు జన్మలో మళ్లీ రావు. ఇంత పెద్ద నష్టం గురించి ఆమెకు ముందుగా చెప్పేవారు ఎవరూ ఉండరన్నది నన్ను బాధపెట్టే విషయం.

భారతదేశానికి వెంట వచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి. పనిలో తగిలిన దెబ్బకు ఇచ్చే ఇండస్ట్రియల్ ఇంజురీస్ డిజేబుల్‌మెంట్ బెనిఫిట్, సైన్యంలో గాయపడినవారి పింఛను ఏ దేశంలో ఉన్నా వస్తాయి. స్టేట్ పెన్షన్ కూడా వస్తుంది, కానీ భారతదేశంలో ఉన్నవారికి అది పెరగదు. 2016 ఏప్రిల్‌లో పూర్తి కొత్త పింఛను వారానికి 155.65 పౌండ్లు, అప్పటికే ఇక్కడ స్థిరపడి దాన్ని అందుకోవడం మొదలుపెట్టిన మనిషికి ఇప్పటికీ అంతే వస్తుంది, బ్రిటన్‌లో అదే పింఛను 2025-26లో 230.25 పౌండ్లకు చేరింది. పనిలో తెగిన వేలికి, యుద్ధంలో పోయిన కాలికి ఇచ్చే డబ్బు సరిహద్దు దాటుతుంది, పుట్టుకతో కదలలేని బిడ్డకు ఇచ్చే డబ్బు దాటదు. మొదటిది ఒక నష్టానికి పరిహారం, రెండోది ఒక అవసరానికి సాయం అని చట్టం చూస్తుంది. తేడాకు కారణం అదే.

ఇక బ్రిటన్‌లో ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ భత్యాలు మొదటినుంచీ అందవు. ప్రభుత్వ నిధులు పొందరాదన్న షరతు వీసాలోనే ఉంటుంది, ఆ నిధుల జాబితాలో పిప్, అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్ ఉన్నాయి. శాశ్వత నివాసం వచ్చాక అడగవచ్చు. అయితే ఆ శాశ్వత నివాసం రెండేళ్లు ఏకబిగిన దేశం బయట ఉంటే రద్దయిపోతుంది కాబట్టి, పౌరసత్వం తీసుకోనివారికి భత్యంతో పాటు తిరిగి వెళ్లే దారి కూడా ఆ గడువుకు ముడిపడి ఉంటుంది.

తిరిగి వచ్చినవారికి ఇక్కడ దొరికేదాన్ని కూడా ఉన్నదున్నట్టు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వైకల్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు. ప్రభుత్వ వైద్యులు వైకల్య శాతాన్ని తేల్చి ఇచ్చే సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఈ పథకాలు ఇక్కడి నివాసాన్ని, తక్కువ ఆదాయాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. విదేశీ పౌరసత్వంతో, సొంతింటితో వచ్చిన కుటుంబం వాటి మీద లెక్క వేసుకోకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బ్రిటన్ వైద్యుల నివేదికలు చేతిలో ఉన్నా సదరం శిబిరంలో పరీక్ష మళ్లీ మొదటినుంచీ జరుగుతుంది.

ప్రయాణం ఖాయమైనవారు శాఖకు ఫోన్ చేసినప్పుడు అవతలి మనిషి నోటిమాటగా చెప్పినదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. వెళ్లే దేశం, తేదీ, అక్కడ ఉండబోయే కాలం, వస్తున్న పింఛను రాసి, డైలీ లివింగ్ గురించి, మొబిలిటీ గురించి, సంరక్షకుల భత్యం గురించి విడివిడిగా రాతపూర్వక నిర్ణయం అడగాలి. రాతలో వచ్చిన నిర్ణయాన్నే సవాలు చేయగలం. ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి ఒక నెలలోపు పునఃపరిశీలన కోరాలి, అక్కడా కాదంటే మరో నెలలోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ నెల ఉత్తరం మన చేతికి అందిన రోజు నుంచి కాక, దాని మీద అచ్చయిన తేదీ నుంచి మొదలవుతుంది. లండన్‌లో వేసిన ఉత్తరం విజయవాడ చేరేసరికి అందులో ఎన్ని రోజులు మిగులుతాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి, బ్రిటన్‌లో ఉండిపోయే దగ్గరివాళ్లలో ఒకరి చిరునామా శాఖకు ఇచ్చి, ఉత్తరం వచ్చిన రోజే కవరు చింపి, అన్ని పేజీలూ ఫొటో తీసి ఫోనులో పంపమని వాళ్లకు చెప్పి విమానం ఎక్కాలి.